నడక ఇచ్చాడు.. లెక్క రాశాడు
తుంటి కీలు మార్పిడికి నేటి రూపమిచ్చిన సర్ జాన్ చార్న్‌లీ జీవిత విశేషాలు

గుంటూరు: పత్తి తీతల కాలంలో నల్లరేగడి చేలల్లో రోజంతా నడుము వంచి పనిచేసే కూలీలకు, మిరప కల్లాల్లో గంటల తరబడి గొంతుకూర్చొని తాలుకాయలు ఏరే మహిళలకు కీళ్ల నొప్పులు కొత్త కాదు. ఒకప్పుడు తుంటి కీలు పూర్తిగా అరిగిపోతే ఇంటి మూల మంచమే గతి. నేడు గుంటూరు, ఒంగోలు వంటి పట్టణాల ఆసుపత్రుల్లోనూ పాడైన కీలును తొలగించి కొత్తది అమరుస్తున్నారు. ఈ శస్త్రచికిత్సకు నేటి రూపాన్ని ప్రసాదించినవారు ఆంగ్ల వైద్యుడు సర్ జాన్ చార్న్‌లీ.

కృత్రిమ కీలును రూపొందించినందుకు ఆయనను లోకం స్మరిస్తోంది. అది సగం కథ మాత్రమే. కీలు అమర్చిన తరువాత రోగి ఏమయ్యాడు, నొప్పి పోయిందా, ఎంత దూరం నడుస్తున్నాడు, పదేళ్లకు ఆ కీలు ఏ స్థితిలో ఉంది అన్న విషయాలను అడిగి రాసుకోవడాన్ని చికిత్సలో భాగం చేసినవారిలోనూ ఆయన ముందు వరుసలో నిలుస్తారు. ఆ అలవాటు విలువ ఆయనకు తేలికగా బోధపడలేదు. దాని వెనుక సుమారు 300 విఫల శస్త్రచికిత్సలు ఉన్నాయి.

నూలు మిల్లుల సీమలో జననం

ఇంగ్లాండులోని లాంకషైర్ ప్రాంతం నూలు మిల్లులకు పెట్టింది పేరు. ఆ ప్రాంతంలోని బెరీ పట్టణంలో 1911 ఆగస్టు 29న చార్న్‌లీ జన్మించారు. తండ్రి మందుల దుకాణం నడిపేవారు. తల్లి నర్సుగా శిక్షణ పొందినవారు. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య అభ్యసించి 1935లో పట్టా అందుకున్నారు. మరుసటి ఏడాదే శస్త్రవైద్యుల రాయల్ కళాశాల ఫెలోషిప్ సాధించారు. అప్పటికి ఆయన వయస్సు పాతికేళ్లు.

రెండో ప్రపంచ యుద్ధంలో 1940లో సైనిక వైద్య దళంలో చేరారు. ఈజిప్టులో పనిచేసిన కాలంలో సైన్యపు మరమ్మతు శాలల్లోని పనివారితో కలసి ఎముకల చికిత్సకు కావలసిన పరికరాలను తయారుచేయించారు. లోహాన్ని కోసి, అరగదీసి, బిగించి చూసే పని మీద ఆయనకు మక్కువ అక్కడే బలపడింది. తరువాతి కాలంలో ఆయన ఆసుపత్రిలో శస్త్రచికిత్స గది పక్కనే తరిమెన యంత్రాలతో కార్యశాల వెలసింది.

యుద్ధం ముగిశాక జరిగిన ఒక సంఘటన ఆయన స్వభావాన్ని తెలుపుతుంది. అతికించిన ఎముక ముక్క శరీరంలో ఎలా పట్టుకుంటుందో తెలుసుకోవాలని 1946 ప్రాంతంలో సహచర వైద్యుడి చేత తన కాలి ఎముకకే ముక్క అతికించుకున్నారు. గాయం చీము పట్టింది. మరోసారి శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చింది. ఇది పిచ్చి సాహసమని నేడు ఎవరైనా అనవచ్చు. అయితే పరుల దేహంపై చేయదలచినది ముందు తన దేహంపై చూసుకోవడం ఆయనకు అదే చివరిసారి కాలేదు.

1947లో మాంచెస్టర్ రాయల్ ఇన్‌ఫర్మరీలో ఎముకల వైద్య నిపుణుడిగా నియమితులయ్యారు. విరిగిన ఎముకలను కోత లేకుండా సరిచేసే విధానంపై 1950లో ఆయన వెలువరించిన గ్రంథం ఎంతో ప్రసిద్ధి పొందింది.

కిర్రుమన్న కీలు

ఆ రోజుల్లో తుంటి కీలుకు అక్రిలిక్ అనే ప్లాస్టిక్‌తో చేసిన బంతిని అమర్చే పద్ధతి ఐరోపాలో వ్యాప్తిలో ఉంది. తుంటి బంతిగిన్నె కీలు. తొడ ఎముక తలభాగం బంతిలా, కటి ఎముకలోని గుంట గిన్నెలా ఉంటాయి. పాడైన బంతి స్థానంలో ప్లాస్టిక్ బంతిని అమర్చితే తొలినాళ్లలో నొప్పి తగ్గేది. కొంతకాలానికి అది వదులై మళ్లీ బాధ మొదలయ్యేది.

అలాంటి కీలు ఉన్న ఒక రోగి చార్న్‌లీ వద్దకు వచ్చాడు. అతడు భోజనాల బల్ల వద్ద ముందుకు వంగినప్పుడల్లా తుంటిలో నుంచి కిర్రుమని శబ్దం వచ్చేది. ఆ చప్పుడు ఇంటివారికి భరించరానిదైంది. మరో వైద్యుడైతే నవ్వి ఊరుకునేవాడేమో. చార్న్‌లీ ఆ ఫిర్యాదును పట్టుకున్నారు. కందెన లేని బండి ఇరుసు కిర్రుమంటుంది. అంటే ప్లాస్టిక్ బంతికీ ఎముక గిన్నెకూ మధ్య రాపిడి అధికంగా ఉందన్న మాట. ఆ రాపిడే ప్రతి అడుగులోనూ బంతిని కుదిపి వదులు చేస్తోందని ఆయన ఊహించారు.

సహజమైన కీలు ఎంత నునుపుగా కదులుతుందో కొలిచి చూశారు. మంచుగడ్డపై మంచుగడ్డ జారడం కంటే కీలులోని మృదులాస్థి సులువుగా జారుతుందని తేలింది. కృత్రిమ కీలులో అంతటి నునుపు రావాలంటే బంతితో పాటు గిన్నెను కూడా మార్చాలని, ఆ గిన్నె తనంతట తానే జారే పదార్థంతో ఉండాలని నిశ్చయించుకున్నారు.

ఈ అన్వేషణకు ఆయన ఎంచుకున్న చోటు విగన్ పట్టణ సమీపంలోని రైటింగ్టన్ ఆసుపత్రి. అది క్షయ రోగుల ఆసుపత్రి. మందులు వచ్చి క్షయ తగ్గుముఖం పట్టడంతో పడకలు ఖాళీ అవుతున్నాయి. మహానగరంలోని పెద్ద పదవిని వదులుకొని పల్లెటూరి ఆసుపత్రికి వెళ్లడం పలువురికి వింతగా తోచింది. 1961 నాటికి అక్కడ తుంటి శస్త్రచికిత్సలకే ప్రత్యేకమైన కేంద్రం ఏర్పడింది.

టెఫ్లాన్ కొట్టిన దెబ్బ

జారే పదార్థంగా ఆయనకు తొలుత దొరికినది టెఫ్లాన్. దోసెలు అంటుకోకుండా నేడు పెనాలకు పూత పూసేది అదే. 1958 నుంచి టెఫ్లాన్ గిన్నెలు అమర్చడం ప్రారంభించారు. ఫలితాలు అద్భుతం. ఏళ్ల తరబడి మంచాన ఉన్నవారు లేచి నడిచారు. నొప్పి మటుమాయమైంది. 1961లో ప్రఖ్యాత వైద్య పత్రిక లాన్సెట్‌లో ఆయన తన కొత్త విధానాన్ని ప్రకటించారు.

ఆ ఆనందం నిలువలేదు. ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు గడిచేసరికి ఒక్కొక్కరుగా రోగులు తిరిగి రాసాగారు. ఉక్కు బంతి రాపిడికి టెఫ్లాన్ గిన్నె అరిగి, బంతి లోపలికి కూరుకుపోతోంది. అరిగిన పొడి చుట్టూ విరిగిన పాల వంటి పదార్థంతో గడ్డలు ఏర్పడి ఎముకను తినివేస్తున్నాయి. సుమారు 300 కీళ్ల గతి ఇంతే. నడక వచ్చిందని సంతోషించినవారికి మళ్లీ కోత తప్పదని చెప్పవలసిన బాధ్యత ఆయనపై పడింది. తాను ప్రకటించిన విజయాన్ని తానే విఫలమని ఒప్పుకొన్నారు.

ఇక్కడ ఒక విషయాన్ని నిదానంగా గమనించాలి. ఆ రోగులను శస్త్రచికిత్స జరిగిన ఆరు నెలలకు పిలిచి బాగోగులు అడిగి ఉంటే అధికులు తృప్తిగానే జవాబిచ్చేవారు. వారి జవాబులో అబద్ధం ఉండేది కాదు. అడిగిన సమయమే తొందరపాటు అయ్యేది. చికిత్స ఫలితాన్ని కొలిచేవారికి టెఫ్లాన్ ఉదంతం నేర్పిన పాఠాల్లో ఇది మొదటిది.

టెఫ్లాన్ శరీరానికి పడుతుందో లేదో తేల్చుకోవడానికి చార్న్‌లీ మళ్లీ తన దేహాన్నే వాడుకున్నారు. టెఫ్లాన్, పాలిథిలిన్ ముక్కలను తన తొడ కండరంలో ఉంచుకున్నారు. తొమ్మిది నెలల తరువాత చూస్తే టెఫ్లాన్ ఉన్నచోట వాపు, గట్టిదనం ఏర్పడ్డాయి. పాలిథిలిన్ నిశ్శబ్దంగా ఉంది. ఈ సంగతిని 1963లో అదే లాన్సెట్ పత్రికకు తెలియజేశారు.

మగ్గం చక్రాలతో వచ్చిన వర్తకుడు

పాలిథిలిన్ ఆయన చెంతకు చేరిన తీరు చీరాల, మంగళగిరి మగ్గాల గడ్డపై పుట్టినవారికి ఆసక్తి కలిగిస్తుంది. 1962లో ఒక వర్తకుడు రైటింగ్టన్ కార్యశాలకు వచ్చాడు. లాంకషైర్ నేత మిల్లుల మరమగ్గాలకు వాడే పళ్ల చక్రాలు అతడి సరుకు. అవి కొత్త రకం గట్టి పాలిథిలిన్‌తో చేసినవి. కార్యశాల నిపుణుడు హ్యారీ క్రేవెన్ ఒక ముక్కను తీసుకొని చార్న్‌లీకి చూపారు. ఆయన గోటితో గీరి చూసి, పనికిరాదని తోసిపుచ్చి వెళ్లిపోయారు.

క్రేవెన్ మాత్రం వదలలేదు. చార్న్‌లీ విదేశీ ప్రయాణంలో ఉండగా ఆ ముక్కను అరుగుదల పరీక్షించే యంత్రానికి బిగించి రాత్రింబవళ్లు తిప్పారు. టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా ఈ పదార్థం మూడు వారాల్లో అరగలేదు. తిరిగి వచ్చిన చార్న్‌లీ యంత్రాన్ని చూసి తన అభిప్రాయాన్ని మార్చుకున్నారు. కోపిష్టి అన్న పేరున్న ఆయన, కింది ఉద్యోగి చేసిన పరీక్షకు తలవంచడం చిన్న విషయం కాదు.

1962 నవంబరులో తొలి పాలిథిలిన్ గిన్నెను రోగికి అమర్చారు. దానిలో తిరిగే ఉక్కు బంతి వ్యాసం 22.225 మిల్లీమీటర్లు. అప్పటి ఇతర కీళ్ల బంతుల కంటే అది చాలా చిన్నది. ఇరుసు సన్నగా ఉంటే చక్రం తేలికగా తిరుగుతుందన్నది బండి కట్టిన రైతుకు తెలిసినదే. చార్న్‌లీ సూత్రమూ అదే. కట్టుడు పళ్ల తయారీలో వాడే అక్రిలిక్ పదార్థాన్ని మాంచెస్టర్‌లోని దంత వైద్య రసాయన నిపుణుడు డెనిస్ స్మిత్ సహాయంతో ఎముక సిమెంటుగా మలిచారు. అది జిగురులా అంటించదు. రాతి గోడలో సున్నంలా సందులు నింపి బరువును సమానంగా పంచుతుంది.

మిగిలిన శత్రువు చీము. తొలినాళ్లలో వందకు ఏడుగురికి పైగా గాయంలో చీము చేరేది. గాలిని వడకట్టి పంపే అద్దాల గదిని శస్త్రచికిత్స కోసం నిర్మించి, వైద్యుల ఊపిరి సైతం రోగిపై పడని దుస్తులు ధరింపజేసి దానిని ఒక శాతం దరిదాపులకు తెచ్చారు.

ఈసారి ప్రచారానికి తొందరపడలేదు. కీలును తయారుచేసిన లీడ్స్ నగరంలోని థాక్రే సంస్థ తొలి కొన్నేళ్లు దానిని ఎవరికి పడితే వారికి అమ్మలేదు. రైటింగ్టన్‌కు వచ్చి పని నేర్చుకున్న వైద్యులకే ఇవ్వాలన్నది చార్న్‌లీ షరతు. సరుకు ఉండి కూడా అమ్మనివ్వని మనిషిపై విమర్శలు రావడం సహజమే.

ఆరు మెట్ల పట్టిక

టెఫ్లాన్ అనుభవం తరువాత రోగుల లెక్క ఆయనకు చికిత్సతో సమానమైంది. మెర్ల్ దొబిన్యే, పొస్తెల్ అనే ఫ్రెంచి వైద్యులు 1954లో ప్రకటించిన పట్టికను తనకు తగినట్లు మార్చుకున్నారు. నొప్పి, నడక, కీలు కదలిక అన్నవి మూడు అంశాలు. ఒక్కొక్క దానికి ఒకటి నుంచి ఆరు వరకు అంకెలు. ఒకటి అంటే అధమ స్థితి, ఆరు అంటే మామూలు మనిషి స్థితి. శస్త్రచికిత్సకు ముందు ఒకసారి, తరువాత మళ్లీ మళ్లీ ఈ అంకెలు వేసేవారు.

దీనికి ఆయన చేర్చిన మరో ఏర్పాటు చూడటానికి చిన్నదైనా ఎంతో తెలివైనది. రోగులను ఎ, బి, సి అని మూడు వర్గాలు చేశారు. ఒక్క తుంటి మాత్రమే చెడినవారు ఎ. రెండు తుంటులూ చెడినవారు బి. కీళ్లవాతం, వృద్ధాప్యపు బలహీనత, గుండె జబ్బు వంటివి కూడా నడకను అడ్డుకుంటున్నవారు సి. ఒక వృద్ధురాలికి కుడి తుంటి చక్కగా మార్చారనుకుందాం. మోకాళ్ల వాతంతో ఆమె వీధి చివరకు కూడా నడవలేకపోతే ఆ తప్పు కొత్త కీలుది కాదు. ఆమె అంకెను ఆరోగ్యవంతుడి అంకెతో కలిపి సగటు తీస్తే వచ్చేది లెక్క కాదు, గందరగోళం. నడక సామర్థ్యాన్ని బట్టి కీలును అంచనా వేయాలంటే ఎ వర్గాన్ని, రెండు కీళ్లూ మార్చిన బి వర్గాన్నే చూడాలని ఆయన నిర్దేశించారు.

1962 నుంచి 1965 వరకు చేసిన శస్త్రచికిత్సల ఫలితాలను నాలుగు నుంచి ఏడేళ్లు గమనించి 1972లో ప్రచురించారు. పదేళ్ల కిందట ఏడాది ఫలితానికే సంబరపడిన వైద్యుడు ఇంతకాలం వేచి ఉండటం గమనార్హం.

మరణానంతరం కూడా ఆయన లెక్క ఆగలేదు. మరణించాక తమ తుంటి కీలును పరీక్ష నిమిత్తం ఆసుపత్రికి అప్పగించడానికి సమ్మతి తెలపాలని రోగులను కోరేవారు. ఎందరో అంగీకరించారు. ఏళ్ల తరబడి నొప్పి లేకుండా నడిచినవారి కీళ్లను బయటకు తీసి గిన్నె ఎంత అరిగిందో, సిమెంటు చుట్టూ ఎముక ఎలా ఉందో పరిశీలించారు. రోగి నోటి మాట, ఎక్స్‌రే, చివరకు కీలు.. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసిన వైద్యులు అరుదు.

1974లో అమెరికా లాస్కర్ పురస్కారం, 1975లో రాయల్ సొసైటీ ఫెలోషిప్, 1977లో సర్ బిరుదు ఆయనను వరించాయి. తన అనుభవ సారాన్ని 1979లో గ్రంథంగా వెలువరించారు. 1982 ఆగస్టు 5న 70 ఏళ్ల వయస్సులో గుండెపోటుతో కన్నుమూశారు.

కలం రోగి చేతికి

చార్న్‌లీ పట్టికలో అంకె వేసేది వైద్యుడే. బోస్టన్ వైద్యుడు విలియం హారిస్ 1969లో రూపొందించిన వంద మార్కుల పట్టికలోనూ అంతే. అందులో నొప్పికి 44, నడకకు, రోజువారీ పనులకు కలిపి 47 మార్కులు కేటాయించారు. అయితే కోసిన చేయే మార్కులు వేస్తే ఎలా అన్న ప్రశ్న మిగిలింది. 1996లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం దీనికి జవాబు ఇచ్చింది. రోగి తృప్తిగా ఉన్నప్పుడు వైద్యుడి అంచనా, రోగి అంచనా దాదాపు ఒకటే. రోగికి నొప్పి, అసంతృప్తి ఉన్నప్పుడే రెండింటి మధ్య దూరం పెరుగుతోంది. అంటే ఎవరి మాట వినడం ఎక్కువ అవసరమో వారి మాటే పట్టికకు ఎక్కడం లేదు.

అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు రోగి స్వయంగా పూరించే పన్నెండు ప్రశ్నల పత్రాన్ని ప్రకటించారు. గడచిన నాలుగు వారాల్లో నొప్పి ఎంత, స్నానం చేసి ఒళ్లు తుడుచుకోగలిగారా, మేజోళ్లు తొడుక్కోగలిగారా, కారు లేదా బస్సు ఎక్కి దిగగలిగారా, మెట్లు ఎక్కగలిగారా, భోజనం ముగించి కుర్చీ నుంచి లేచేటప్పుడు ఎంత నొప్పి, రాత్రి నిద్రలో బాధ ఉందా వంటివి అందులో అడుగుతారు. నేడు ఒక్కో జవాబుకు సున్నా నుంచి నాలుగు వరకు, మొత్తం 48 మార్కులు. 2009 ఏప్రిల్ నుంచి ఇంగ్లాండు ప్రభుత్వ ఆరోగ్య సేవలో తుంటి మార్పిడి చేయించుకునే రోగులకు శస్త్రచికిత్సకు ముందు ఒకసారి, ఆరు నెలల తరువాత మరోసారి ఇలాంటి పత్రాలు ఇస్తున్నారు.

ఆరు నెలల జవాబు అవసరమైనదే. టెఫ్లాన్ రోగులు గుర్తుకు వస్తే మాత్రం అది ఒక్కటే చాలదని తెలుస్తుంది. కీలు ఎన్నేళ్లు నిలిచింది, ఎందరికి మళ్లీ మార్చవలసి వచ్చింది అన్న వివరాలు రాసే జాతీయ రిజిస్టర్లు అందుకే పుట్టాయి. స్వీడన్ 1979లో తుంటి కీళ్ల రిజిస్టర్ ప్రారంభించింది. మన దేశంలో తుంటి, మోకాలి శస్త్రవైద్యుల సంఘం 2006లో రిజిస్టర్‌కు శ్రీకారం చుట్టింది.

ప్రశ్నాపత్రాన్ని మన పల్లెలకు తెస్తే మరో చిక్కు ఎదురవుతుంది. చదువురాని పెద్దలకు కొడుకో కోడలో ప్రశ్న చదివి జవాబు గుర్తుపెడతారు. వైద్యుడు ఎదురుగా నిలబడి అడిగితే నొప్పి ఉన్నా బాగానే ఉందని చెప్పే మర్యాద ఇక్కడి రోగులది. వీటిని సరిదిద్దుకోవచ్చు. చికిత్సతో సంబంధం లేని మనిషి తెలుగులో నెమ్మదిగా చదివి వినిపించి, చెప్పినది చెప్పినట్లు రాస్తే చాలు.

అడగని ప్రశ్న సంగతి వేరు. చార్న్‌లీ వద్దకు వచ్చిన లాంకషైర్ మిల్లు పనివారు కుర్చీలో కూర్చొని భోంచేసేవారు. మన రైతు కూలీ కింద కూర్చొని తింటాడు, బాసింపట్టు వేస్తాడు, గొంతుకూర్చొని పని చేస్తాడు. తుంటిని బాగా మడిచి కూర్చుంటే కొత్త కీలు జారిపోయే ప్రమాదం ఉన్నందున సాధారణంగా వైద్యులు నేలపై కూర్చోవద్దనే హెచ్చరిస్తారు. అప్పుడు నొప్పి పూర్తిగా పోయి, మెట్లెక్కి, బస్సెక్కి, నిద్రపోగలిగిన మహిళకు ఆక్స్‌ఫర్డ్ పత్రంలో 48కి దరిదాపుల్లో మార్కులు వస్తాయి. మిరప కల్లంలో కాయలు ఏరే కూలికి మాత్రం ఆమె వెళ్లలేదు. పని ఎంత కుంటుపడిందన్న ప్రశ్న పత్రంలో ఉన్నప్పటికీ అది తుంటి నొప్పి వల్ల ఆగిన పనినే అడుగుతుంది. నొప్పి లేకున్నా వైద్యుడి సలహా వల్ల పోయిన కూలి అందులో పడదు. నేలపై కూర్చొని లేవగలరా అన్న ప్రశ్న ఆ పన్నెండింటిలో లేదు.